వడియాల మూల

లక్క కోఠీ చూడటానికి వచ్చేవాళ్లందరూ ముందు వరండా స్తంభాల దగ్గర ఆగిపోతారు. పద్నాలుగు స్తంభాలు. ఒక్కొక్కటి ఒక మనిషి చేతులు చాపి కౌగిలించుకున్నా అందనంత లావు, పైకి పోయేకొద్దీ సన్నం. అందరూ రాయి అనుకుని తట్టి చూస్తారు. రాయి కాదు. లోపల ఇటుక, పైన డంగుసున్నం పూత. ఇన్నేళ్లయినా కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంటుంది. మా చెల్లెలు హాసిని వాళ్లకు హిందీలో కథ చెబుతుంది. జంషెడ్‌పూర్ అనే ఊరే లేనప్పుడు, ఇదంతా సాల్ చెట్ల అడవిగా ఉన్నప్పుడు, లక్క వ్యాపారం చేసే దొర ఒకడు సువర్ణరేఖ ఒడ్డున ఈ ఇల్లు కట్టించాడు. గుమ్మం మీద పలకలో 1861 అని ఉంటుంది. హాలు కప్పు పద్దెనిమిది అడుగుల ఎత్తు. మూడు వైపులా వరండా ఉండటం వల్ల ఎండ గదుల్లోకి రాదు, గాలి మాత్రం వస్తుంది. అక్కడివరకూ చెప్పి హాసిని వాళ్ల ఫోన్లు తీసుకుని ఫొటోలు తీసి పెడుతుంది.

నేను వెనక వైపు ఊడుస్తాను. వెనక నుంచి చూస్తే ఇది వేరే ఇల్లు. పనివాళ్లు ఎక్కడానికి గోడలో దాచినట్టు ఒక సన్నటి మెట్ల దారి ఉంది. హాలు గోడకు పిడికిలి పట్టేంత కన్నం ఉంది. బయట కూర్చున్న మనిషి అందులోంచి తాడు లాగుతుంటే లోపల దొర నెత్తిమీద గుడ్డ పంకా ఊగేదట. తాడు రాసి రాసి కన్నం కింది అంచు అరిగిపోయింది. వంటిల్లు నలభై అడుగుల దూరాన విడిగా ఉంది, పొగ దొర ముక్కుకు తగలకుండా. దాని అవతల లక్క తొట్లు. కొమ్మల నుంచి ఒలిచిన లక్కను ఆ తొట్లలో నీళ్లు పోసి కాళ్లతో తొక్కేవారట. తొట్టి గోడల మీద మోకాలి ఎత్తు దాకా ఎరుపు ఇంకా పోలేదు. తొక్కినవాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు.

ఆ తొట్ల పక్కన అవుట్‌హౌసులో మేం ఉంటాం. మా నాన్న కూర్మారావు పదిహేడేళ్లుగా ఈ కోఠీకి కాపలా. అమ్మ దేవి బడిలో వంట చేస్తుంది, పొద్దున్నే వెళ్లిపోతుంది. నాన్నను కన్నతల్లి దాలమ్మ, మా మామ్మ, పగలంతా వేపచెట్టు కింద మంచం మీద ఉంటుంది. నేను పదో తరగతి దాకా శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చదువుకుని ఇక్కడికి వచ్చాను.

ఇంటి యజమానులు కలకత్తాలో ఉంటారు. ఈ ఏడాది కోఠీని గెస్ట్ హౌస్ చేద్దామని వాళ్లకు ఆలోచన వచ్చింది. వానాకాలంలో హాలు కప్పు కారుతుందని తెలిసి, ఇంటిని పరీక్ష చేయమని మే నెలలో ఒక ఇంజనీరును పంపారు. ఆయన పేరు సత్యప్రసాద్. పాత ఇళ్లు బాగు చేయించడమే ఆయన పని. ఉండేది ఈ ఊళ్లోనే, సోనారిలో. వాళ్ల నాన్న టాటానగర్ రైల్వేలో చేసి రిటైరయ్యారట. స్కూటర్ దిగుతూనే తెలుగులో పలకరించేసరికి నాన్న మొహం వెలిగింది.

"లక్క ఇల్లంటే కాలిపోవాలి గదా కూర్మారావు గారూ, ఇది కారిపోతోందేంటి?" అన్నాడు నవ్వుతూ.

నాన్న నవ్వలేకపోయాడు. "కారకుండా నాను సెయ్యాల్సిందంతా సేత్తన్నాను బాబూ. ఏటా రథయాత్రకి ముందు కప్పు మీద పూత ఏత్తాను. ఒక్క ఏడు తప్పలేదు. మా పెద్ద గుంట కల్యాణే బకెట్లు అందిత్తాది, అడగండి."

సత్యప్రసాద్ నా వైపు చూశాడు. నేను తలూపాను.

ఆయన మిట్టమధ్యాహ్నం కప్పు ఎక్కాడు. ఒక మూల తప్ప కప్పంతా తెల్లగా వెల్ల వేసి ఉంది. కళ్లు విప్పలేని వెలుగు. కాసేపు అటూ ఇటూ నడిచి దిగిపోయాడు. తరవాత హాల్లో నిచ్చెన వేసుకుని సాల్ దూలాల మీద పెన్‌నైఫుతో గుచ్చి చూశాడు. ఎనిమిదింటిలో రెండు మెత్తబడ్డాయి. దిగి వచ్చి వేపచెట్టు నీడన కూర్చుని నాన్నతో మెల్లగా చెప్పాడు.

"ఏటేటా పూత వేస్తున్నా కారుతోందంటే లోపలి పొరే బాగాలేదని అర్థం. ఈ కప్పు పైభాగం ఓసారి కొత్తగా వేసినట్టు కాగితాల్లో ఉంది, యాభై ఏళ్ల కిందట, తుఫానులో చెట్టు పడినప్పుడు. అప్పుడు సున్నపు గచ్చు పరిచి కర్రలతో కొట్టినవాళ్లు సరిగ్గా కొట్టలేదు. మొత్తం తీసేసి స్లాబు వేయమనే రాయాల్సొస్తుంది. ఇరవై రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి."

"స్లాబంటే మరి..."

"కాంట్రాక్టరు వస్తాడు. సామాను పెట్టుకోడానికి వెనక జాగా అంతా కావాలి. తరవాత అక్కడ పార్కింగ్ కడతారు. మీకు ముందే చెప్పడం మంచిది."

వెనక జాగా అంటే మా ఇల్లు. స్కూటర్ గేటు దాటాక మామ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఏటన్నాడు ఆ బాబు? సరిగ్గా కొట్టనేదా?"

"నీ గురించి కాదే అమ్మా."

"నా గురించి కాకపోతే ఎవుల గురించి? ఆ కప్పు కొట్టింది ఎవులు? నానూ, పైడమ్మా, పనికని ఇక్కడికొచ్చిన మన ఊరోళ్లు పదహారు మందిమి. పద్నాలుగు రోజులు కొట్టినాం. నాకప్పుడు ఇరవై ఏళ్లు నిండనేదు. కరక్కాయ నీళ్లు సల్లుకుంటా, బెల్లం నీళ్లు సల్లుకుంటా, సేతులు బొబ్బలెక్కిపోతే గుడ్డ సుట్టుకుని కొట్టినాం. అది కారతాదా?"

"ఛోడో నా దాదీ," అంది హాసిని ఫోన్ చూసుకుంటూ. "పురానీ ఛత్ హై, టపకేగీ హీ."

"ఏటంటన్నాది ఇది?"

"వదిలెయ్ మామ్మా, పాత కప్పు కదా, కారుద్ది అంటోంది," అన్నాను నేను.

"దీనికి తిండెక్కువైంది," అని మామ్మ అటు తిరిగి పడుకుంది. ఆ రోజు అన్నం తినలేదు. చారు మాత్రం తాగింది.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. మా ఊరి బడిలో భీమారావు మాస్టారు మా చేత వాన కొలిపించేవారు. డబ్బా ఆరుబయట పెట్టి, వాన వెలిశాక స్కేలు ముంచి, ఎంత పడిందో తేదీ వేసి రాయమనేవారు. ఆ అలవాటు నాకు పోలేదు. ఇక్కడికి వచ్చాక వానతో పాటు హాల్లో ఎక్కడ చుక్క పడిందో, ఏ రోజున మొదలైందో కూడా రాసేదాన్ని. చుక్క కింద గిన్నె పెట్టేది నేనే కాబట్టి అది పెద్ద పనేమీ కాదు.

రాస్తూ ఉంటే రెండేళ్ల కిందట ఒక సంగతి కనిపించింది. వాన జోరుగా కురుస్తున్నప్పుడు హాలు కారదు. వాన వెలిసి, ఎండ కాసి, రెండో రోజో మూడో రోజో చుక్కలు మొదలవుతాయి. కప్పుకు చిల్లి ఉంటే వాన పడుతుండగానే కారాలి. అంటే నీళ్లు పైన ఎక్కడో చిక్కుకుని, దారి దొరక్క, ఆలస్యంగా కిందికి దిగుతున్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. వాయవ్య మూల కొట్టుగది ఒక్కసారి కూడా కారలేదు. దాని పైన ఉన్నది వడియాల మూల. మామ్మ ప్రతి ఎండాకాలం అక్కడే వడియాలు పెడుతుంది, మిరపకాయలు ఆరబెడుతుంది. ఈమధ్య తను ఎక్కలేకపోతే నా చేత పెట్టిస్తోంది. నాన్న బకెట్టు పట్టుకుని ఆ వైపు వస్తే చాలు, కింద నుంచే అరుస్తుంది: "అక్కడ సిమెంటు ఏత్తే నా వడియాలు లేవవురా, అంటుకుపోతాయి. నా సున్నాన్ని ముట్టుకోకు!"

అవును, నాన్న వేసే పూత సిమెంటు. ప్రతి ఏడూ పగుళ్లన్నీ వెతికి, సిమెంటు కలిపి, తాపీతో నింపి, నునుపు చేసి, దాని మీద సున్నంతో వెల్ల వేసేవాడు. తెల్లటి సున్నం కింద అది ఎవరికీ కనబడదు. నాన్న దాచాలని చేసింది కాదు. ఇల్లంతా ఒకే రంగులో ఉండాలని ఆయన కోరిక.

మర్నాడు నాన్న వరండాలో సైకిల్ చెయిను బిగించుకుంటుంటే నోటుపుస్తకం తీసుకెళ్లి పక్కన పెట్టాను.

"ఏటిది?"

"చూడు నాన్నా."

చేతులు లుంగీకి తుడుచుకుని తెరిచాడు. మెల్లగా చదువుతాడు ఆయన, వేలు పెట్టుకుని. ఒక పేజీ చదివి వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. కొట్టుగది అని రాసిన గడి దగ్గర వేలు ఆగింది. అన్ని పేజీల్లోనూ ఆ గడి ఖాళీ.

"కొట్టుగది మీద నాను సిమెంటు ఎయ్యనేదు కదూ," అన్నాడు.

"లేదు నాన్నా."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"రెండేళ్లయింది."

పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "రెండేళ్లూ నాకు బకెట్లు అందించినావు."

ఎలా చెప్పాలో తెలిసి ఉంటే రెండేళ్ల కిందటే చెప్పేదాన్ని. నాన్న చిన్నప్పుడు మట్టి గోడల ఇంట్లో పెరిగాడు. ఏటా వానకు ఒక గోడ కూలేదట. ఊళ్లో సిమెంటు ఇల్లు ఒక్కటే ఉండేది, కరణం గారిది. వాన రోజుల్లో పిల్లలంతా దాని అరుగు మీదికి చేరితే తరిమేవారట. సిమెంటు అంటే ఆయనకు అంత గౌరవం. తనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా గట్టిదాన్ని తెచ్చి ఈ ఇంటికి పెట్టాడు. అది ఎలా తప్పని చెప్పను?

నాన్న లేచి వెనక మెట్లెక్కి కప్పు మీదికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. వడియాల మూలలో గొంతుక్కూర్చుని అరచెయ్యి నేల మీద ఆనించాడు. అక్కడ సున్నం పాత ఏనుగుదంతం రంగులో ఉంటుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న నెలవంకల్లా కొట్టుకర్రల అంచుల ముద్రలు కనిపిస్తాయి. కొన్ని ఒక వైపుకు, కొన్ని రెండో వైపుకు.

"ఇయ్యి పైడమ్మ పిన్ని దెబ్బలని అమ్మ సెప్పేది," అన్నాడు. "ఎడంసేతి మనిషి." లేచి ఫోన్ తీశాడు. "సత్యప్రసాద్ బాబూ, నాను కోఠీ కూర్మారావుని. ఓపాలి బేగి రాగలరా? రిపోర్టు రాయకముందే రావాలి. అక్కరున్నాది."

ఆయన సాయంత్రం వచ్చాడు. ఎండ తగ్గింది. ఈసారి నాన్నే ముందు ఎక్కాడు, చేతిలో సుత్తీ ఉలీ పట్టుకుని.

"బాబూ, నాను పూతంటే మీరు సున్నమనుకున్నారు. అది సిమెంటు. పదిహేడేళ్లుగా నానే ఏసినాను. సున్నం కొట్టినోళ్లది తప్పు నేదు."

సత్యప్రసాద్ నాన్న చేతిలో సుత్తి తీసుకుని పిడితో నేలను తడుతూ నడిచాడు. హాలు మీద డొల్ల శబ్దం. ఇంకో చోటా డొల్ల శబ్దమే. వడియాల మూలలో తడితే శబ్దం గట్టిగా, పొట్టిగా వచ్చింది, నిండు కుండను తట్టినట్టు.

"పెకలించండి చూద్దాం," అన్నాడు.

నాన్న ఉలి పెట్టి తను వేసిన అతుకును తనే కొట్టాడు. పళ్లెమంత పలక లేచి వచ్చింది. దాని కింద సున్నం తడిగా, నల్లగా ఉంది. వాన పడి పన్నెండు రోజులైంది.

"ఎండలో సున్నం పెరుగుతుంది, తగ్గుతుంది, ఊపిరి తీసుకుంటుంది. సిమెంటు దాంతో పాటు కదలదు. అంచుల్లో సందు పడి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి మాత్రం రాలేవు," అన్నాడు సత్యప్రసాద్. తరవాత నా నోటుపుస్తకం అడిగి తీసుకుని, నిలబడే అన్ని పేజీలూ చూశాడు. "ఇది ముందే చూసుంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు."

"నా పేరు రాసీండి బాబూ," అన్నాడు నాన్న. "కప్పు పాడుసేసినోడు కూర్మారావని రాసీండి. కప్పుని మాత్రం తియ్యొద్దని రాయండి."

"రాస్తాను. ఆ సిమెంటు తీసిందీ కూర్మారావు గారే అని కూడా రాస్తాను. కానీ ఊరికే రాస్తే కలకత్తా వాళ్లు నమ్మరు. హాలు మీద సగం సిమెంటు పెకలించి, పాత పద్ధతిలో సున్నం కొట్టి, నీళ్లు నిలబెట్టి చూపించాలి. పంతొమ్మిది రోజులుంది. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు ఎక్కడ దొరుకుతారు?"

కింద వేపచెట్టు దగ్గర నుంచి గొంతు వినిపించింది. "ఎక్కడో ఎతకడం దేనికి? సచ్చిపోయినాననుకున్నారేటి?"

సిమెంటు పెకలించడానికి నాలుగు రోజులు పట్టింది. నాన్న ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. మామ్మ ఈలోపు సున్నం నానబెట్టించి, ఇటుక పొడి జల్లించి, కరక్కాయలు దంచి కుండల్లో ఊరవేయించింది. మెత్తబడిన రెండు దూలాల చివర్లు కోసి కొత్త సాల్ ముక్కలు అతికించడానికి సత్యప్రసాద్ ఒక వడ్రంగిని పంపాడు. ఐదో రోజు బిర్సానగర్ నుంచి ఆటోలో పైడమ్మ మామ్మ దిగింది. డెబ్బై దాటిన మనిషి. దిగుతూనే ఎడంచేతిని చూపించి, "దీనికి వాతం రానేదే దాలమ్మా, కుడిదానికే వచ్చింది," అంది. ఆవిడతో మా వాళ్లు ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లెవరూ ఎప్పుడూ సున్నం కొట్టలేదు. నేనూ హాసినీ కలిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లం ఎనిమిది మందిమి.

మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోశారు. పైన గొడుగు కట్టారు. మేం వరసగా గొంతుక్కూర్చున్నాం. ఒక్కొక్కరి చేతిలో బెత్తెడు వెడల్పు కొట్టుకర్ర.

"ఒక దెబ్బ మీద ఒక దెబ్బ పడకూడదు. పక్కన పడాల. పక్కనున్నదాని దెబ్బ ఇని నీ దెబ్బ ఎయ్యాల. ఆఁ, కానీండి!"

మొదటి రోజు అదంతా బురద కొట్టినట్టే ఉంది. హాసిని బొబ్బలెక్కిన చేతులు చూసుకుని ఏడుపు మొహం పెట్టింది. "మామ్మా, హాథ్ మే ఛాలే పడ్ గయే!"

"ఈ మాట మాత్రం నాకు తెలిసింది," అంది మామ్మ. "గుడ్డ సుట్టుకో. పైడీ, పాట అందుకో."

పైడమ్మ మామ్మ పాట అందుకుంది. కొండ మీద మబ్బును పిలిచి, "ఇప్పుడే రాకే, మా సున్నం ఆరనీవే" అని బతిమాలే పాట. రెండో రోజుకు హాసిని దానికి హిందీలో ఒక చరణం కట్టింది. మూడో రోజుకు అందరూ అదే పాడారు. మామ్మకు అర్థం కాకపోయినా తాళం బాగుందని ఒప్పుకుంది.

ఐదో రోజు మధ్యాహ్నం శబ్దం మారింది. అప్పటిదాకా మెత్తగా వినిపించిన దెబ్బ గట్టిపడింది. కర్ర కొట్టగానే దానంతట అదే పైకి లేస్తోంది. మామ్మ కళ్లు మూసుకుని వింటూ ఉంది. నేను చెయ్యి ఆపి ఆవిడ వైపు చూశాను.

"నీకు ఇనపడిందే కల్యాణీ?"

"వినపడింది మామ్మా."

"మరింకేటి. ఇంకో రెండ్రోజులు కొట్టీండి."

ఏడో రోజు సాయంత్రం మామ్మ హాలు మీద సరిగ్గా నడిమధ్య వేలితో చూపించి, అక్కడ నిమ్మకాయ పట్టేంత గుంట తవ్వమంది. నాన్న తవ్వాడు. నేను చెంబుతో నీళ్లు పోసి నింపాను. పొద్దుటికి ఆ నీళ్లు ఇంకిపోతే మళ్లీ కొట్టాలి. నిలిస్తే కప్పు అయినట్టే. ఎండకు ఆరిపోకుండా పైన పళ్లెం మూశాం. సత్యప్రసాద్ ఫోన్లో ఫొటో తీసుకుని, "పొద్దున్నే వస్తాను, నేను రాకుండా తీయకండి," అని వెళ్లాడు.

పొద్దున ఆరింటికి ఆయన వచ్చేసరికి నాన్న అప్పటికే పళ్లెం పక్కన కూర్చుని ఉన్నాడు. ముట్టుకోలేదు. సోనారి ఎయిర్‌పోర్టులో దిగబోతున్న చిన్న విమానం ఒకటి మా మీదుగా వెళ్లింది. అది దాటేదాకా ఆగి, సత్యప్రసాద్ నాన్ననే తీయమన్నాడు.

నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి. అందులో నాన్న మొహం కనిపించింది.

"అమ్మా!" అని ఆయన కప్పు మీది నుంచి అరిచాడు. "నిలిసినాయే!"

"నిలవక ఏటవుతాయి?" అంది కింద నుంచి మామ్మ. "టీ పెట్టమను దేవిని."

రిపోర్టు వెళ్లింది. కలకత్తా నుంచి జవాబు రావడానికి పది రోజులు పట్టింది. స్లాబు వద్దన్నారు. మిగిలిన సగం వానలయ్యాక ఇదే పద్ధతిలో చేయమన్నారు. పార్కింగ్ గేటు అవతల కట్టుకుంటారట. రిపోర్టు నకలులో ఒక పేజీ నాకు సత్యప్రసాద్ చూపించాడు. సున్నం కొట్టినవాళ్లు అని ఒక జాబితా ఉంది. దాలమ్మ, పైడమ్మ, తరవాత మిగతా ఆడవాళ్లు, చివర మేం ఇద్దరం. యాభై ఏళ్ల కిందటి పదహారు మందిలో గుర్తున్నవాళ్ల పేర్లు మామ్మ చెబితే వాటినీ పైన రాశాడు. తొమ్మిది దొరికాయి. మిగిలిన ఏడింటికీ మామ్మ ఇంకా ఆలోచిస్తోంది. అప్పుడప్పుడు అన్నం తింటూ ఒక పేరు చెబుతుంది, నేను రాసుకుంటాను.

వాన జూన్ మూడో వారంలో వచ్చింది. ఒక రాత్రీ ఒక పగలూ ఆగకుండా కురిసింది. వెలిశాక హాల్లో కొత్తగా చేసిన సగం కింద గిన్నె పెట్టి కాచుకున్నాను. రెండో రోజు ఏమీ పడలేదు. మూడో రోజూ పడలేదు. పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను. రెండో సగం మామూలుగానే కారింది, దానికి నాలుగు గిన్నెలు.

రథయాత్రకు ముందు రోజు పొద్దున్నే తాపీ శబ్దం వినిపించి బయటికి పరుగెత్తాను. నాన్న బకెట్టు నిండా సిమెంటు కలుపుతున్నాడు. పక్కన పాత సంచీ. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"కప్పు మీదకి కాదే," అన్నాడు. "మన నీళ్లగది గట్టు సూడు, ఎలగ అరిగిపోయిందో. మీ మామ్మ జారతాది. దానికి సిమెంటే ఉండాల. అవునా, కాదా?"

"అవును నాన్నా," అన్నాను. "దానికి సిమెంటే."

"మరి అలా నిలబడిపోతావేటి? బకెట్టు అందుకో."